ఆగని ఫ్యాను

ఫ్యూజు ఆమె సంచిలో ఉంది. అయినా కిటికీ కరిచింది.

టేపమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. చేతిలోని తడిగుడ్డ జారి బురదలో పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా చీమలు బారు కట్టి పరుగెత్తినట్టు జివ్వుమంది, అంతే. కానీ రోజూ సూదులతో పొడిపించుకునే చెయ్యి అది. ఏది సూదో, ఏది చీమో, ఏది రెండూ కాదో దానికి బాగా తెలుసు.

కిటికీకి దూరంగా జరిగి, భుజానికి వేలాడుతున్న కుట్టుసంచిలో చెయ్యి పెట్టింది. కత్తెర తగిలింది. సుద్దముక్క తగిలింది. వాటి కింద, చల్లగా, బరువుగా, తెల్లటి పింగాణీ ఫ్యూజు. వీధిలో నీళ్ళు గేటు దాటుతున్నప్పుడు, మెట్ల కింద నేల ఇంకా పొడిగా ఉండగానే, రబ్బరు చెప్పులేసుకుని తనే బోర్డులోంచి ఊడపీకింది. అది లాగితే కిందివాటాకీ లేదు, పైవాటాకీ లేదు, మొత్తం ఇంటికే కరెంటు లేదు. అప్పటి నుంచి ఆ ఫ్యూజు ఆమె భుజాన్నే ఉంది. స్నానానికెళ్తే గుమ్మం దగ్గర చిలక్కొయ్యకి, పడుకుంటే తలకింద.

ఫ్యూజు ఇక్కడుంటే, ఈ కరెంటు ఎక్కడిది?

బయట పొద్దు వాలుతోంది. నడుమెత్తు నీళ్ళు నిలిచి వెళ్ళిపోయిన గుర్తు గోడలకి నల్లటి అంచు కుట్టినట్టు కనిపిస్తోంది. ఇది అత్తగారి గది. కిటికీని ఆనుకుని ఇనప మంచం, మంచం పక్కనే చేతికందేలా కిందికి దింపిన స్విచ్చుబోర్డు. వరదలో ఆ బోర్డు పూర్తిగా మునిగింది.

ఆమె తలుపు దగ్గరకి లాగి, చిలుకు బిగించి, చిలుక్కి ఎర్ర రిబ్బను ముక్క కట్టింది.

రొట్టెల వ్యాను నడిపే మొగుడు ఇంటికొచ్చి విషయం విని నవ్వేశాడు. పొద్దుటి నుంచీ నీళ్ళలో నానుతున్న చేతులకి తిమ్మిరెక్కక ఏమవుతుందన్నాడు. కావాలంటే తను పట్టుకుని చూపిస్తానని గదివైపు నడిచాడు. ఆమె గుమ్మానికడ్డంగా నిలబడింది. మెడలోని కొలతల టేపు రెండు కొసలూ రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆ టేపు ఎప్పుడూ మెడలోంచి తియ్యదు గనకే వీధంతా ఆమెని టేపమ్మ అంటుంది. ఆ కొసలు అలా బిగిశాయంటే ఆవిడతో వాదించి లాభం లేదని, ఆమె కాపరానికొచ్చిన కొత్తలోనే మొగుడికి తెలిసింది.

"సరే, పట్టుకోనులే. మరి మా అమ్మ ఎక్కడ పడుకుంటుంది?" అన్నాడు.

"మన గదిలో. మనం కోతబల్ల మీద."

"బల్ల మీద నీ మిషన్లున్నాయి."

"అయితే బల్ల కింద."

*

మర్నాడు వీధికి కరెంటొచ్చింది. ఎదురింట్లో రేడియో మోగింది, పక్కింట్లో మిక్సీ అరిచింది. వీళ్ళ ఇల్లు మాత్రం పన్ను ఊడిన నోటిలా వీధి మధ్యలో చీకటిగా నిలబడింది.

అందరికంటే ముందు అత్తగారు మొదలుపెట్టింది. వసారాలో కుర్చీ వేసి కూర్చోబెడితే, చేతికర్రతో నేలని టకటకా పొడుస్తూ, తన గదికి చిలుకు బిగించడానికి కోడలెవరని వచ్చేపోయే వాళ్ళనందరినీ అడిగింది. తుంటి ఆపరేషను అయినప్పటి నుంచీ ఆ కర్రే ఆవిడకి మూడో కాలు, మూడో చెయ్యి కూడా. వంగడానికి బద్ధకించి స్విచ్చులు కూడా ఆ కర్ర కొసనున్న రబ్బరుతోనే నొక్కుతుంది. బోర్డు పగులుతుందని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా వినదు.

"నా ఫ్యాను కింద నన్ను పడుకోనివ్వవే," అంది కోడలితో. "దానికి కరెంటుతో పనిలేదు. ఊరంతా ఆగినా నా ఫ్యాను ఆగదు. తెలియనట్టు మాట్లాడతావేం?"

ఆ ఇంట్లో అది పాత వేళాకోళం. కరెంటు పోయినప్పుడల్లా కింద అన్ని గదుల్లో ఫ్యాన్లు ఆగిపోతాయి. అత్తగారి ఫ్యాను మాత్రం ఒక్క క్షణం తడబడి, మళ్ళీ తిరుగుతుంది. అమ్మంటే భయం దానికి అంటాడు కొడుకు. ఆ గదికి వేరే ఫేజు నుంచి తీగ వచ్చుంటుందని టేపమ్మ అనుకుని ఊరుకుంది. అత్తగారైతే మెడ పైకెత్తి మేడమీదికి వినబడేలా, కొందరికి బ్యాటరీలు కావాలి, నాకు నా అదృష్టం చాలు, అనేది.

ఆ కొందరు మేడమీదావిడే. ఇంటి యజమానురాలు. పైన ఆరేసిన దుప్పటి నీళ్ళు కింద కుర్చీలో కూర్చున్న అత్తగారి నెత్తిన కారడంతో మొదలైన తగువు, ఇద్దరికీ మాటల్లేకుండా పోయేదాకా వెళ్ళింది. ఏళ్ళు గడిచాయి. ఒకే మెట్లవరస, ఒకే గేటు, ఒకే కుళాయి. ఒక్క మాట లేదు.

ఆ మేడమీదావిడ మధ్యాహ్నం మెట్ల పైన నిలబడి టేపమ్మని పిలిచింది. పిలుపులోనే ఖాళీ బిందె చప్పుడుంది.

తన వాటాలోకి చుక్క నీరు రాలేదనీ, తనెందుకు చీకట్లో కూర్చోవాలనీ అడిగింది. మోటారు ఆడక తొట్టి ఎండిపోయింది, మోకాళ్ళ నొప్పులతో తను బకెట్లు మొయ్యలేదు. ఇల్లు తనది, బోర్డు తనది, ఫ్యూజు కూడా తనదే.

"ఇచ్చెయ్యమ్మా. పోతే నా ఇల్లే కదా పోయేది."

టేపమ్మ కింద మెట్టు మీద నిలబడి తలెత్తి చూసింది. ఆవిడన్న దాంట్లో అబద్ధమేమీ లేదు.

"బోర్డు మునిగింది పిన్నిగారూ. పైకి తీగలు అందులోంచే వెళ్తున్నాయి. ఎలక్ట్రీషియను విప్పి చూసేదాకా నేనివ్వను. నీళ్ళు నేను తెచ్చిపోస్తాను, పొద్దునా సాయంత్రమూ."

"నువ్వా? నీ పనెవరు చేస్తారు?"

"నా మిషన్లకి కాళ్ళున్నాయిగా."

నిజంగానే ఉన్నాయి. తడిసిన మోటార్లని ఆమె మిషన్ల నుంచి విప్పేసి ఓ పక్కన పెట్టింది. మొగుడు వాటిని ఎండలో పరిచి, గంటగంటకీ తిప్పుతూ, పైన పొడిగా తగులుతున్నాయి గనక ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామని ఉబలాటపడుతున్నాడు. ఆమె వాటిని గుడ్డలో మూటకట్టి అటకెక్కించింది. మూలపడున్న పాత తొక్కుడు మిషను లాగి, తుప్పు తుడిచి, నూనె పోసి, తోలుపట్టా బిగించి కూర్చుంది. ఆస్పత్రి వాళ్ళు కుట్టమన్న తెల్లకోట్ల గుడ్డ ఇంకా కత్తిరించకుండా కట్టలుగా ఉంది. మోటారుతో పరుగెత్తే కుట్టు ఇప్పుడు నడకలో పడింది. మడమ నొప్పి పుట్టింది. అయినా కుట్టు తిన్నగానే వచ్చింది.

సాయంత్రం బకెట్లు పైకి మోస్తుంటే అత్తగారు చూసి మూతి తిప్పుకుంది. ఎవరి కోడలు ఎవరికి నీళ్ళు మోస్తోందో లోకం చూస్తోందంది. లోకం నిజంగానే చూసి నవ్వింది. టేపమ్మ కరెంటుని సంచిలో వేసుకు తిరుగుతోందట అని వీధి చివర దాకా పాకింది.

*

ఎలక్ట్రీషియను వచ్చేసరికి ఇంకో రోజు పోయింది. ఊళ్ళో సగం ఇళ్ళు అతని కోసం కాచుకుని ఉన్నాయి. కళ్ళు ఎర్రబడి, చొక్కా మీద మూడు రకాల బురదతో ఉన్నాడు. మెట్ల కింద బోర్డు మూత తీసి వంచగానే లోపలి నుంచి సన్నటి ధారగా నీళ్ళు కారాయి. మొగుడు అది చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పైన ఆరినట్టే ఉంటుంది బావా," అన్నాడు ఎలక్ట్రీషియను. "గోడలో గొట్టాల్లో నీళ్ళు అలాగే కూర్చుంటాయి. ఫ్యూజు తీసి మంచి పని చేశారు. ఇప్పుడే పెట్టకండి."

గోడలు ఇంకొంచెం ఆరాక వస్తానన్నాడు. అన్ని బోర్డులూ విప్పి, తడిసినవి మార్చి, మీటరు పెట్టి ఒక్కో తీగా పరీక్షించాకే ఫ్యూజు పెట్టాలన్నాడు. టేపమ్మ కిటికీ సంగతి చెప్పింది. అతను అత్తగారి గదిలోకి వెళ్ళి టెస్టరుతో ఊచలు, మంచం, బోర్డు అన్నీ చూశాడు. చిన్న దీపం వెలగలేదు. మళ్ళీ చూశాడు. లేదు.

"ఇన్వర్టరు, జనరేటరు ఏమైనా ఉన్నాయా అక్కా?"

"మా వాటాలో ఏమీ లేవు," అందామె.

"అయితే ఏదో అలా అనిపించి ఉంటుంది. భయంలో అనిపిస్తుంది." వెక్కిరింపుగా అనలేదు. ఆవలింత ఆపుకుంటూ అన్నాడు. బయట అప్పటికే ఎవరో అతని సంచి పట్టుకుని లాగుతున్నారు.

అతను వెళ్ళగానే వసారాలో కర్ర టకటకలాడింది. "విన్నావా? భయమట. ఇక తియ్యి తలుపు."

మొగుడు ఆమె వైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలి వీధి నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది. టేపమ్మ మిషను దగ్గర కూర్చుని, కోటు చేతిని మొండేనికి తిరగేసి కుట్టి, ఆ సంగతి చూసుకుని, విప్పి, మళ్ళీ కుట్టింది. నిజంగానే భ్రమేమో. లేని కరెంటుకి భయపడి ఒక ముసలావిణ్ణి మంచానికి దూరం చేసిందేమో.

కానీ చెయ్యి ఒప్పుకోలేదు. ఆ రోజు చేతికి తెలిసింది నిజంగా తెలిసిందే.

చిలుక్కి కట్టిన ఎర్ర రిబ్బను ఆమె విప్పలేదు.

*

ఆ సాయంత్రం రెండో బకెట్టు మేడమీద తొట్టిలో పోసి, నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. పొద్దు గుంకింది. గదిలో వస్తువులు మసకబారుతున్నాయి. మేడమీదావిడ గోడ తడుముకుంటూ వెళ్ళి, మూలనున్న పెట్టె మీద బొత్తాం నొక్కింది. తుమ్మెద రొదలాంటి సన్నటి శబ్దం. పచ్చటి చుక్క. గదిలో ఒక్క దీపం వెలిగింది.

"రోజూ ఈ వేళకి కాసేపు వేసుకుంటాను," అంది సంజాయిషీలా. "వంట ముగించుకుని ఆపేస్తాను. బ్యాటరీ అయిపోతే అదీ ఉండదుగా."

టేపమ్మ తలూపి బకెట్టు అందుకుంది.

అప్పుడు కింది నుంచి అత్తగారి గొంతు వినిపించింది. గెలిచిన గొంతు.

"ఏమే కోడలా, కరెంటొచ్చేసింది. నా ఫ్యాను తిరుగుతోంది."

బకెట్టు చెయ్యి జారింది. టేపమ్మ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. కత్తెర. సుద్ద. ఫ్యూజు.

ఉంది. చల్లగా, బరువుగా, అక్కడే ఉంది.

అత్తగారు కర్రతో రిబ్బను తప్పించి, చిలుకు తోసుకుని గదిలోకి వెళ్ళింది. అదే కర్రతో స్విచ్చు నొక్కింది. ఇప్పుడు తడినేల మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఉంది. ముందు ఇనప మంచం. మంచానికి ఆనుకుని కిటికీ.

"కాసేపు గాలికి కూర్చుంటానే," అంటోంది గొంతు తాపీగా.

టేపమ్మ కాళ్ళు మెట్లవైపు దూకాయి. ఒక్క అంగలో గుమ్మం చేరి, అక్కడ ద్వారబంధం పట్టుకుని తనని తనే ఆపుకుంది. కిందికి పరిగెత్తితే ఆలస్యం. పరిగెత్తి ముసలావిణ్ణి పట్టుకుంటే ఇద్దరూ పోతారు. ఫ్యూజు కాదు దీని మూలం. దీని మూలం తన వెనకే, ఈ గదిలో, తుమ్మెదలా మోగుతోంది.

"పిన్నిగారూ, అది ఆపండి."

"చీకట్లో ఎలా..."

"ఆపండి." ఆపైన మెట్లవైపు తిరిగి, కస్టమరుకి కొలతలు తీసేటప్పుడు కదలొద్దని చెప్పే గొంతుతో, గట్టిగా, నిదానంగా అంది. "అత్తయ్యా, ఉన్నచోటే నిలబడండి. మంచం ముట్టుకోకండి. కిటికీ ముట్టుకోకండి. చేతులు ఒంటికి ఆనించి పెట్టుకోండి, జాకెట్టుకి కొలత తీస్తున్నట్టు."

కింద కర్ర చప్పుడు ఆగింది.

వెనక బొత్తాం టిక్కుమంది. తుమ్మెద ఆగింది. గది చీకటైంది.

"అయ్యో," అంది కింద గొంతు విసుగ్గా. "ఆగిపోయింది. నీ నోరు పడిందే కోడలా."

టేపమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఒళ్ళో సంచిని రెండు చేతులా అదిమి పట్టుకుంది. మొగుడు అప్పుడే వ్యాను ఆపి లోపలికి వచ్చిన చప్పుడైంది. అమ్మని చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకురమ్మని, గోడకి తగలొద్దని పైనుంచే చెప్పింది. ఆమె గొంతు విని అతను ఎందుకని అడగలేదు.

చీకట్లోంచి మేడమీదావిడ అంది.

"ఆ ఫ్యానుకి లైను ఇక్కడిదే."

టేపమ్మ తల తిప్పింది.

తుంటి ఆపరేషనుకని మీరంతా ఆస్పత్రిలో ఉన్నప్పుడు, అని చెప్పుకొచ్చిందావిడ. మంచం పక్కకి స్విచ్చు దింపమని టేపమ్మ మొగుడు అడిగితే తనే పనివాణ్ణి పిలిపించింది. ఎండలు మండుతున్నాయి. ఒత్తిగిలలేని మనిషి. కరెంటు పోతే విసురుకోవడానికి కూడా చెయ్యి లేవదు. పనివాడు ఎలాగూ గోడ తవ్వుతున్నాడు గదా అని ఇన్వర్టరు నుంచి ఒక తీగ దింపించింది.

"చెప్పలేదేం పిన్నిగారూ?"

"చెబితే తీసుకుంటుందా మీ అత్త?"

మెడ పైకెత్తి అత్తగారు విసిరిన మాటలన్నీ, నా అదృష్టం, నా ఫ్యాను, కొందరి బ్యాటరీలు, అన్నీ ఈ గదిలోకే వచ్చి ఉంటాయి. ఈవిడ అన్నీ విని, కింద ఫ్యాను తిరుగుతోందిలే అనుకుని, పడుకుని ఉంటుంది.

"మొన్న నీళ్ళొచ్చాక అది గుర్తే లేదమ్మా," అంది మేడమీదావిడ. "గుర్తున్నా, బ్యాటరీదే కదా, టార్చిలైటులాంటిది, ఇదేం చేస్తుందిలే అనుకునేదాన్ని. ఫ్యూజు ఇమ్మని నీ మీద అరిచాను. రోజూ నేనే బొత్తాం నొక్కి..."

"నేనూ తప్పే చేశాను," అంది టేపమ్మ. "ఇన్వర్టరుందా అని అతను అడిగాడు. మా వాటాలో లేదన్నాను. పైన ఉందని నాకు తెలీదా? ఇల్లంతా ఒకటే అని తోచలేదు."

లేచి, సంచిలోంచి ఎర్రగుడ్డ ముక్క తీసింది. కిటికీలోంచి వస్తున్న వీధిదీపం వెలుగులో సూదికి దారమెక్కించింది. బొత్తాం కప్పేలా ఆ గుడ్డని పెట్టె హ్యాండిలుకి చుట్టి, దగ్గర దగ్గర కుట్లు వేసి, దారం పంటితో తెంపింది.

"ఇది విప్పాలంటే కత్తెర కావాలి. కత్తెర నా సంచిలో ఉంటుంది."

మేడమీదావిడ మసకలో ఆ కుట్టుని వేలితో తడిమి చూసింది. "ఫ్యూజు కూడా నీ దగ్గరే ఉంచు," అంది. కాస్త ఆగి, "మీ అత్తకి మాత్రం చెప్పకు," అంది.

*

ఎలక్ట్రీషియను ఈసారి మేడెక్కాడు. సంగతి విని, నుదురు కొట్టుకుని, ఆ రోజు పైకొచ్చి చూడకపోవడం తన తప్పేనన్నాడు. అతను వచ్చిన పగటివేళ ఇన్వర్టరు ఆపి ఉంది గనకే టెస్టరు వెలగలేదు. ఇన్వర్టరు నుంచి కిందికి దిగిన తీగని రెండు కొసలా తెంపేసి, గోడలోంచి లాగేశాడు. పాములా మెలికలు తిరిగి, తడితడిగా బయటికొచ్చింది. మంచం పక్క బోర్డు విప్పితే లోపల బురద గట్టిపడి ఉంది. తడిసిన బోర్డులన్నీ పారేసి కొత్తవి, ఈసారి నడుమెత్తుకి పైన, బిగించి, అత్తగారి ఫ్యానుని కిందివాటా లైనుకే కలిపాడు. కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే కొత్త స్విచ్చు మెట్ల కింద పెట్టాడు. అటకమీది మోటార్లని తన దుకాణానికి పట్టుకెళ్ళి ఆరబెట్టి, పరీక్షించి తెచ్చాడు. ఒకటి పనికిరాదన్నాడు. మొగుడు ఆ ఒక్కదాన్నీ చేతిలో పట్టుకుని, దీన్నే ముందు ప్లగ్గులో పెట్టేవాణ్ణి అని గొణిగి, మెల్లగా పక్కన పెట్టాడు.

ఆ పనులన్నీ సాగినన్ని రోజులూ పొద్దునా సాయంత్రమూ బకెట్లు మొగుడే మోశాడు. ఎవరూ చెప్పలేదు.

చివరికి మీటరు చూసి, ఎలక్ట్రీషియను చెయ్యి చాచాడు. టేపమ్మ సంచిలోంచి ఫ్యూజు తీసింది. ఇన్నాళ్ళూ కత్తెర పక్కన ఉండి దానికో గీత పడింది. కొంగుతో తుడిచి ఇచ్చింది. ఇల్లు వెలిగింది. సంచి ఎంత తేలికైందంటే, ఏదో మర్చిపోయానని ఆమె రెండుమూడుసార్లు తడుముకుంది.

అత్తగారు తన గదిలో, తన మంచం మీద, తన ఫ్యాను కింద కాళ్ళు చాపుకుంది. చూశావా, ఎన్ని చేసినా తిరుగుతూనే ఉందంది.

కోట్లు ఇచ్చేసిన మర్నాటి సాయంత్రం వీధి మొత్తం కరెంటు పోయింది.

టేపమ్మ మిషను సగం కుట్టులో ఆగింది. ఆమె చెవి అత్తగారి గదివైపే ఉంది. ఫ్యాను తడబడింది. మెల్లగా తిరిగింది. ఇంకా మెల్లగా. ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

టేపమ్మ తలుపు దగ్గరికి వెళ్ళి చూసింది. అత్తగారు వెల్లకిలా పడుకుని ఫ్యాను రెక్కలకేసి చూస్తోంది. వాటి మీద నుంచి చూపు కప్పుకి పోయింది. కప్పు మీద, పైగదిలో, ఇంకో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ముసలావిడ చాలాసేపు ఆ చప్పుడు వింది. ఆవిడ మంకుది గానీ మొద్దు కాదు. ఎలక్ట్రీషియను గోడలోంచి లాగిన తీగ ఎటువైపు వెళ్ళిందో వసారాలో కూర్చుని అంతా చూసింది.

లేచి, కర్ర అందుకుని, కోడలి వైపు చూడకుండా దాటుకుని, మెట్ల మొదట్లో నిలబడింది. గొంతు సవరించుకుంది. ఒకసారి చాలలేదు, రెండోసారి సవరించుకుంది.

"ఏమ్మా పైనావిడా," అంది. "నా ఫ్యాను ఆగిపోయింది."

పైన గిన్నె చప్పుడు ఆగింది. అడుగులు మెట్ల దాకా వచ్చాయి.

"నాది తిరుగుతోంది," అంది మేడమీదావిడ. "పైకి రా."

కర్ర మొదటి మెట్టు మీద పడింది. టేపమ్మ ఒక మెట్టు వెనకగా, తాకకుండా, చేతులు చాపి పట్టుకుని నడిచింది. సగం దాకా ఎక్కేసరికి పైన ఆరేసిన దుప్పటి నుంచి ఒక చుక్క జారి అత్తగారి భుజం మీద పడింది. ఆవిడ ఆగి, భుజం వంక చూసి, పైకి చూసింది.

"దుప్పటి పిండడం నీకింకా రాలేదు," అంది.

"నువ్వొచ్చి నేర్పుతావని ఆగాను," అంది పైనావిడ, కిందికి చెయ్యి చాపుతూ.